ఆఫీసులో ఈవీ చార్జర్లకు కరెంటు సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

చార్జర్ల కేటలాగు పక్కన పెట్టి, ముందు ఏడాది కరెంటు బిల్లులు తెప్పించండి. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న ఆఫీసైతే ప్రతి బిల్లులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండు, అంటే సీఎండీ. రెండోది ఆ నెల మీటరులో నమోదైన గరిష్ఠ డిమాండు, అంటే ఆఫీసు లాగిన అత్యధిక లోడు. డిసెంబరు బిల్లు చూసి మురిసిపోవద్దు. ఏసీలు ఆగకుండా తిరిగే ఏప్రిల్, మే నెలలవే లెక్క.

సీఎండీ 300 కేవీఏ, మేలో నమోదైంది 255 అనుకుందాం. మిగులు 45. జాగ్రత్తకు 30 వదిలేస్తే చేతిలో ఉండేది 15 మాత్రమే. ఈ ఉజ్జాయింపు లెక్కకు కేవీఏను కిలోవాటుగానే అనుకోవచ్చు. 22 కిలోవాట్ల చార్జర్ ఒక్కటి కూడా ఇందులో పట్టదు. 7.4 కిలోవాట్లవి రెండు, లేదా 3.3వి నాలుగు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అవసరం ఎంతో చూడండి. రానూపోనూ 40 కిలోమీటర్లు తిరిగే కారుకు రోజుకు సుమారు 6 యూనిట్లు చాలు. ఆ కారు ఎనిమిది గంటలు పార్కింగ్‌లోనే ఉంటుంది. 6 ఆంపియర్లతో నెమ్మదిగా ఎక్కించినా సాయంత్రానికి దాదాపు 11 యూనిట్లు ఎక్కుతాయి. మామూలు ఆఫీసులో ఫాస్ట్ చార్జర్ ఆడంబరమే. అందుకే పాయింట్లు ఎక్కువ పెట్టి, మొత్తం లోడు 15 దాటకుండా కార్ల మధ్య పంచే లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న చార్జర్లు తీసుకోండి. అలా పది కార్లకు సర్దవచ్చు. వంతులవారీగా పెడదామంటే, మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి కారు తీసేవారెవరు?

బిల్లులో మిగులు ఉన్నంత మాత్రాన పార్కింగ్ దాకా వచ్చే కేబుల్ తట్టుకుంటుందని కాదు. ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ ప్యానెల్ బ్రేకర్, సెల్లార్‌కు వెళ్లే ఫీడర్ కేబుల్ సామర్థ్యాలు విడివిడిగా చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్‌తో టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) పెట్టించి మూడు ఫేజుల ఆంపియర్లూ రాయించండి. ఆర్ ఫేజులో 180, వైలో 140, బీలో 175 వస్తే, సింగిల్ ఫేజ్ చార్జర్లు ముందు వై మీదకు వెళ్లాలి.

ప్రతి చార్జర్‌కూ వేరే సర్క్యూటు, సొంత ఆర్‌సీబీవో (కరెంటు లీకైనా, లోడు మించినా ఆపేసే బ్రేకర్), మంచి ఎర్తింగ్ ఉండాలి. గంటల తరబడి ఒకే లోడు లాగే వ్యవహారం కాబట్టి పాత సాకెట్లతో సరిపెట్టవద్దు. జనరేటర్ లైనుకు చార్జర్లను కలపవద్దు. డీజిల్ కాల్చి కారు నింపుకోవడంలో అర్థం లేదు.

అప్పటికీ చాలకపోతే అదనపు లోడుకు డిస్కంకు దరఖాస్తు చేయాలి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈవీ చార్జింగ్‌కు వేరే టారిఫ్ కేటగిరీ ఉంది, దానికింద ప్రత్యేక కనెక్షన్ గురించి కూడా అడగండి. భవిష్యత్తుకు పనికొస్తుందని సీఎండీని ఒకేసారి రెట్టింపు చేయించుకోవద్దు. తెలంగాణలో హెచ్‌టీ వినియోగదారుకు, వాడకం తగ్గినా సీఎండీలో 80 శాతానికి డిమాండు చార్జీ పడుతుంది.