"ఇదా, అదా?" అని అడిగితే కాస్త ఆగండి

"ఇది తీసుకుంటారా, అది తీసుకుంటారా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబివ్వకండి. అసలు తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం అప్పటికే మన చేతిలోంచి జారిపోయింది, మనం గమనించలేదంతే. "రెండూ వద్దంటే?" అని ఒక్కసారి పైకి అనండి. ఎదుటివాళ్ల ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మనచేత సరే అనిపించే ఇంకో దారి మరీ మెత్తనిది. ముందు కాదనలేనంత చిన్న సాయం అడుగుతారు. 1966లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఇదే. జాగ్రత్తగా బండి నడపమని చెప్పే పెద్ద, వికారమైన బోర్డును ఇంటి ముందు పెట్టుకుంటారా అని నేరుగా అడిగితే ఒప్పుకున్నవాళ్లు సుమారు 17 శాతం. అదే విషయం మీద అరచేతిలో పట్టేంత బోర్డును ముందుగా అడిగి, ఆ తర్వాత పెద్దది అడిగితే? 76 శాతం! ఎవరూ బలవంతం చేయలేదు మరి.

అందుకే రెండో కోరిక వచ్చినప్పుడు, మొదటిది మర్చిపోయి, ఇదొక్కటే అడిగితే ఏమనేవాణ్ణో చూసుకుంటాను. తేలకపోతే "రేపు చెప్తా" అంటాను. రేపటిదాకా ఆగేది లేదన్నారా, నా జవాబు "వద్దు".