రాతి బాణపు ములికి చెక్కబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

చేతికి గాయమైతే వారంలో మానుతుంది. ఊపిరితిత్తుల్లో చేరిన రాతి దుమ్ము మాత్రం అక్కడే ఉండిపోతుంది. విశాఖలో ఈ చలికాలం సెలవుల్లో పిల్లలతో రాతి ములికులు చెక్కించాలనుకునే ఉపాధ్యాయులు అన్నిటికన్నా ముందు దీని గురించే ఆలోచించాలి.

చెకుముకి, అగేటు అనే రంగురాయి, పలుగురాయి అన్నీ సిలికా అనే ఖనిజమే. ఇంగ్లండులోని బ్రాండన్‌లో తుపాకులకు చెకుముకి ముక్కలు చెక్కినవారు, మన గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేటు సానపట్టేవారు ఎందరో, ఆ దుమ్ము పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడ్డారు. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. అందుకే గదిలోగానీ బాల్కనీలోగానీ చెక్కవద్దు. ఆరుబయట, సముద్రపు గాలి పక్కనుంచి తగిలేలా కూర్చోండి. గాలి వీపుకు తగిలితే దుమ్ము మీ ముందే సుడి తిరిగి ముఖానికి వస్తుంది. చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్కు కావాలి. పలచని అంచు దెబ్బకు నలిగిపోతుంది కాబట్టి, పెచ్చు లేపే ముందు దాన్ని గరుకురాయితో రుద్దక తప్పదు. ఎక్కువ దుమ్ము లేచేది అప్పుడే, తడిపి రుద్దండి. ఆ బట్టలను ఇంట్లో దులపకుండా నేరుగా నీళ్లలో వేయండి.

దెబ్బ పైన పడుతుంది, పెచ్చు మాత్రం రాయి అడుగు వైపు నుంచి ఊడుతుంది. అంటే మీ తొడమీదికి, అరచేతిలోకి. రెండుచోట్లా మందపాటి తోలు ఉండాలి. పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు చెక్కేవారికే కాదు, చుట్టూ నిలబడి చూసే పిల్లలకూ పెట్టించండి.

సుత్తిరాయితో పెద్ద పెచ్చులు లేపాక, అంచును నొక్కి సన్నని పెచ్చులు ఊడదీస్తూ మొన తీరుస్తారు. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, అయిదు వేల ఏళ్లకు పైబడిన ఓట్జీ అనే ఆదిమ వేటగాడి శవం దగ్గర ఇందుకోసం కర్రలో దిగ్గొట్టిన జింక కొమ్ము ముక్క ఉంది. మీరు కొమ్ము కోసం వెతకవద్దు. అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. చెక్కపిడికి బిగించిన రాగి కడ్డీ అంతే చక్కగా పనిచేస్తుంది.

మన కొండల్లోని ఖొండలైటు రాయి ఇలా పెచ్చులుగా ఊడదు. నేర్చుకోవడానికి మందపాటి గాజు సీసా అడుగు చాలు. రాయిని నిప్పుల్లో వేసి కాల్చే ప్రయోగం జోలికి పోవద్దు, లోపలి తేమ ఆవిరై రాయి పేలుతుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో ఆదిమానవుల సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయి. అక్కడ కనిపించిన రాయిని తీయకండి. అది ఉన్న పొరలో ఉంటేనే దాని కాలం తేలుతుంది. మీరు చెక్కిన పెచ్చులను అక్కడ పారేయడం ఇంకా పెద్ద తప్పు. రేపు తవ్వి చూసేవారు పాతదేదో కొత్తదేదో తేల్చుకోలేక చిక్కుల్లో పడతారు.

బీచ్‌లో అసలు కూర్చోవద్దు. ఇసుకలో కలిసిన పెచ్చు చెప్పులు లేని పాదంలో దిగుతుంది. ఎక్కడ కూర్చున్నా కింద టార్పాలిన్ పరచి, పని కాగానే నీళ్లు చల్లి, ప్రతి ముక్కనూ ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి. డబ్బా మీద ‘గాజు ముక్కలు’ అని పెద్దగా రాసి, చెత్త బండి వచ్చినప్పుడు కార్మికులకు చెప్పి మరీ చేతికివ్వండి.