హ్యాండిల్‌బార్ మార్చే ముందు జాగ్రత్తలు

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలిలో తిరిగే రోడ్ బైక్ (వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్) అయితే ముందు హ్యాండిల్‌బార్‌కి చుట్టిన పాత టేపు పూర్తిగా విప్పండి. ఉప్పు, చెమట కలిసి అల్యూమినియాన్ని టేపు కిందే తినేస్తాయి. తెల్లటి పొడి తుడిచాక గుంటలు కనిపించినా, స్టెమ్ (బార్‌ని సైకిల్‌కి బిగించే ముక్క) పట్టుకునే చోట గోరుకు తగిలే గీత ఉన్నా ఆ బార్‌ని తూకానికి వేయాల్సిందే.

- 31.8 మి.మీ. మందం బార్ పట్టే స్టెమ్‌లో 26 మి.మీ. బార్ పెట్టి రేకు చుట్టి బిగించొద్దు. కొందరు మెకానిక్‌లు చేసిస్తారు, ఒప్పుకోకండి.
- వెడల్పు: రెండు భుజాల ఎముకల మధ్య దూరమంత.
- స్టెమ్ ముందు మూత బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. మూతకి పైసందు, కిందిసందు సమానంగా ఉండాలి. స్టెమ్ మీద రాసిన టార్క్, అంటే బిగింపు బలం (చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు) దాటొద్దు.
- కార్బన్ బార్‌కి గ్రీజు వద్దు, జారకుండా పట్టునిచ్చే గరుకు కార్బన్ పేస్ట్ రాయండి.
- చివర ప్లగ్గులు తప్పనిసరి. పడితే ఖాళీ గొట్టం ఒంట్లో దిగుతుంది.