స్క్రీన్ మీ వైపు తిప్పించుకోండి: పళ్ళ ఆసుపత్రిలో మిషన్లతో మెలగడం ఎలా

నేను డాక్టర్ని కాను. నల్గొండలో ఒక పళ్ళ డాక్టరమ్మ పక్కన నిలబడి, పేషెంటు నోట్లో నీళ్ళు లాగే సక్షన్ గొట్టం పట్టుకునే అసిస్టెంటుని. కుర్చీలో పడుకున్నవాళ్ళకు పైన లైటు తప్ప ఏమీ కనపడదు. నాకు మాత్రం వాళ్ళ నోరు, డాక్టరు చెయ్యి, కంప్యూటర్ స్క్రీన్ మూడూ కనిపిస్తాయి. ఇప్పుడు ఏ క్లినిక్ బోర్డు చూసినా "అత్యాధునిక పరికరాలు" అనే ఉంటోంది. ఆ పరికరాల ఖర్చు ఎలాగూ మీ బిల్లులోనే పడుతుంది కాబట్టి, వాటి పని పూర్తిగా రాబట్టుకోండి.

మొదటి పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. పాత ఎక్స్‌రేలు ఉంటే తీసుకెళ్ళండి. ఫిల్మును కిటికీకి ఆనించి సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలో సన్నటి గీతలు కనపడవు. ఫిల్మే తేవాలి, లేదా తీసిన చోట అసలు ఫైలు అడిగి తెచ్చుకోవాలి. బీపీకీ షుగరుకీ వాడే మాత్రల అట్టలు సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, వాడుతున్నట్టు చెబితే చాలు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, కడుపుతో ఉన్నా కుర్చీ ఎక్కకముందే చెప్పండి. కొన్ని మిషన్లను వాడాలా వద్దా అన్నది ఆ మాట మీదే ఆధారపడుతుంది.

ఎక్కువమందికి తగిలే మొదటి మిషన్ ఆర్‌వీజీ. అంటే ఫిల్ము లేని ఎక్స్‌రే. అగ్గిపెట్టెలో పట్టేంత నల్లటి పలక, దానికో వైరు. ప్రతి పేషెంటుకీ దాని మీద కొత్త ప్లాస్టిక్ తొడుగు వెయ్యాలి. వేశారో లేదో చూడండి, వెయ్యకపోతే అడగండి. దవడ పంటి వెనక పెట్టేసరికి చాలామందికి డోకు వస్తుంది. అప్పుడు ముక్కుతో గాలి పీలుస్తూ ఒక కాలు కాస్త పైకెత్తి ఆ కాలి మీదే దృష్టి పెట్టమంటాను. నాలుక కొసన చిటికెడు ఉప్పు వేసినా కొందరికి పని చేస్తుంది. పలకను మాత్రం గట్టిగా కొరకొద్దు, దాని ఖరీదు దాదాపు ఒక స్కూటరంత.

రేడియేషన్ భయం సంగతి. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ ఎలాగూ అందుతుంది. ఒక్క పంటికి తీసే ఆర్‌వీజీలో అందేది అందులో దాదాపు ఒక రోజు వంతు. దవడ మొత్తం ఒకే బొమ్మలో వచ్చే ఓపీజీ అయితే కొద్ది రోజుల వంతు. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ లెక్క వేరు. ఎంత భాగం తీశారన్నదాన్ని బట్టి కొన్ని రోజుల వంతు నుంచి నెలల వంతు దాకా పోతుంది. అందుకని ఆర్‌వీజీకి జంకకండి, సీబీసీటీ అన్నప్పుడు మాత్రం "దేనికోసం సార్?" అని ఒక్క మాట అడగండి. ఇంప్లాంటు (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయడానికి ఎముక ఎంతుందో చూడాలన్నా, కింది జ్ఞానదంతం వేరు పెదవికి స్పర్శనిచ్చే నరానికి ఆనుకుని ఉందేమోనన్నా, రూట్ కెనాల్ (పంటి వేరు లోపల శుభ్రం చేసి మూసే వైద్యం) చేసిన పన్ను మళ్ళీ నొప్పి పెడుతున్నా డాక్టరు ఆ స్కాన్ అడగడంలో న్యాయం ఉంది. మామూలు చెకప్పుకు దాని అవసరం లేదు. ఎక్స్‌రే మిషన్లకు మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉండాలి, ఆ కాగితం చూపించమంటే తప్పు పట్టేవాళ్ళు ఉండరు. అమెరికా డెంటల్ అసోసియేషన్ 2024లో పేషెంటుకు సీసపు ఏప్రాన్ అక్కర్లేదంది. మేం ఇప్పటికీ కప్పుతాం. కప్పితే పేషెంటుకు ధైర్యం.

బొమ్మ రాగానే అసలు పని. స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. పంటి పైపొర తెల్లగా, లోపలి నరం ఉండే గది నల్లగా కనిపిస్తాయి. పుచ్చిన చోట నల్లగా తిన్నట్టుంటుంది. పాత వెండి ఫిల్లింగు, మెటల్ క్యాపు తెల్లగా మెరుస్తాయి. వేరు కొసన గుండ్రటి నల్లమచ్చ ఉంటే చీము పట్టి ఎముక కరిగిందేమోనని అనుమానం.

ఇక్కడే కాస్త ఆగాలి. కింది దవడలో చిన్న దవడపళ్ళ వేర్ల దగ్గర నరం బయటికొచ్చే సహజమైన కన్నం ఒకటుంటుంది. బొమ్మలో అది అచ్చం చీముగడ్డలాగే కనపడుతుంది. పంటి మెడ దగ్గర కూడా పుచ్చు లేకుండానే నల్లటి నీడ పడుతుంటుంది. అందుకే మా డాక్టరమ్మ బొమ్మ చూశాక ఊరుకోదు. చల్లటి స్ప్రే కొట్టిన దూదిని పంటికి తాకించి జివ్వుమందో లేదో అడుగుతుంది, పక్కపన్నుతో పోలుస్తుంది, అద్దం పిడితో పన్ను మీద మెల్లగా తడుతుంది. ఇవేవీ చెయ్యకుండా, బొమ్మలో నల్లమచ్చ మాత్రమే చూపించి రూట్ కెనాల్ చెయ్యాలంటే, "చల్లదనం పరీక్ష చేస్తారా?" అని అడగండి. పన్ను చచ్చిందో బతికుందో స్క్రీన్ చూసి చెప్పడం కుదరదు.

మా వైపు ఇంకో తిరకాసుంది. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. నోట్లో పెట్టే చిన్న కెమెరాతో పెద్దది చేసి చూపిస్తే అవి భయంకరంగా కనపడతాయి. మచ్చ వేరు, పుచ్చు వేరు. కొనతో తాకితే గట్టిగా ఉందా, మెత్తబడిందా అని అడగండి.

రూట్ కెనాల్‌లో పెదవికి ఒక కొక్కెం తగిలిస్తాం. వేరు ఎంత పొడవుందో కొలిచే అపెక్స్ లొకేటర్ అనే మిషన్‌ది అది. ఒక ముసలమ్మ కొక్కెం పట్టుకుని "నోట్లె కరెంటు పెడ్తున్నరా బిడ్డా?" అంది. "పెడ్తున్నం పెద్దమ్మా, గానీ నీకు తెల్వనంత సన్నది" అన్నాను. నిజంగా అంతే. పంటిలోకి దించిన సన్నటి సూది వేరు కొసను చేరగానే ఆ కాస్త కరెంటుతోనే మిషన్ పసిగట్టి బీప్ బీప్‌మంటుంది. అప్పుడు తల కదపకండి, కదిపితే కొలత తప్పుతుంది. తరువాత వచ్చే సన్నటి పురి తిరిగిన సూదులు నికెల్ టైటానియంవి, వంకర వేర్లలో వంగుతూ పోతాయి.

ఇన్ని మిషన్లున్నా రూట్ కెనాల్‌లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఒక రబ్బరు గుడ్డకు. బార్నమ్ అనే అమెరికన్ డెంటిస్టు 1864లో మొదలుపెట్టాడు. పన్ను ఒక్కటే బయటికి కనపడేలా బిగిస్తారు. ఉమ్మి లోపలికి పోదు, వేరు కడిగే ఘాటు మందు గొంతులోకి జారదు, సూది విరిగినా మింగరు. బోర్డు మీద ఎవరూ రాసుకోరు, ఎందుకంటే చౌక. మీరే అడగండి: "రబ్బర్ డ్యామ్ వేస్తారా?"

క్యాపు కొలతకు ఇదివరకు ట్రేలో ముద్ద నింపి నొక్కేవాళ్ళం. ఇప్పుడు స్కానర్ వచ్చింది. పెన్నులాంటి కెమెరాను పళ్ళ మీదుగా నడిపిస్తే స్క్రీన్ మీద మీ దవడ కొద్దికొద్దిగా లేస్తుంది. దానికి తడి, రక్తం పడవు. నాలుకను అవతలి బుగ్గ వైపు ఉంచి, ఉమ్మి మింగే ప్రయత్నం చెయ్యకుండా మాకు వదిలెయ్యండి. పన్ను అంచు చిగురు కిందికి పోయి ఉంటే స్కానరుకు కనపడదు. అలాంటప్పుడు చిగురు పక్కన సన్నటి దారం పెట్టి తెరుస్తాం, లేదా పాత ముద్దకే పోతాం. ముద్దతో తీశారని చిన్నబుచ్చుకోకండి.

శుభ్రం సంగతి ఒక్క చూపుతో తేలుతుంది. పనిముట్ల కవరు మీ ముందే చింపాలి. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పడితే కవరు మీది గుర్తు రంగు మారుతుంది. కానీ అది వేడి తగిలిందనే చెబుతుంది, క్రిములు చచ్చాయని కాదు. పన్ను అరగదీసే, గిర్రున తిరిగే హ్యాండ్‌పీసు లోపలి సన్నటి గొట్టాల్లోంచి గాలిని ముందే లాగేసే ఆటోక్లేవ్‌ను క్లాస్ బి అంటారు. ఆవిరి లోపలిదాకా పోవాలంటే అదే మేలు. "హ్యాండ్‌పీసు కూడా ఆటోక్లేవ్ చేస్తారా?" అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రావాలి.

లేజర్ గురించి పెద్దగా చెప్పను. చిగురు పనులకు బాగుంటుంది, అన్నిటికీ అక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు మీ ఎక్స్‌రే ఫైళ్ళు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. సీబీసీటీ అయితే సీడీ మొత్తం తీసుకోండి. అచ్చేసిన నాలుగు బొమ్మలు వేరే డాక్టరుకు చాలవు. రూట్ కెనాల్ అయిన ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ ఒక ఆర్‌వీజీ తీయించుకుని, పాతదాని పక్కన పెట్టి చూపమనండి. వేరు కొసన నల్లమచ్చ చిన్నదైతే ఎముక పూడుతున్నట్టు. తగ్గకపోతే సీబీసీటీ మాట అప్పుడెత్తాలి.