సొంత కోడ్ సర్వర్, మూడో పాఠం: లినక్స్ మింట్ మీద గిట్‌ల్యాబ్

పోయిన పాఠం చివర రెండు పనులు ఇచ్చాను. టైమ్‌షిఫ్ట్‌తో (సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే పనిముట్టు) సిస్టమ్‌కి ఒక స్నాప్‌షాట్ తీసుకోవడం ఒకటి, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి సర్వర్ కంప్యూటర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ వచ్చేలా చేయడం ఇంకొకటి. ఆ రెండూ కాకపోతే ఇక్కడే ఆగి, అవి పూర్తిచేసి రండి. ఈ రోజు మనం గిట్‌ల్యాబ్ (టీమ్ కోడ్‌ని ఒకచోట దాచి పంచుకునే సర్వర్ ప్రోగ్రామ్) ఇన్‌స్టాలర్ ‘ఇది నాకు తెలియని సిస్టమ్’ అని ఆగిపోయే చోట ముందుకు వెళ్తున్నాం. వెనక్కి వచ్చే దారి లేకుండా అలా వెళ్లకూడదు.

ఎప్పటిలాగే కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. వెర్షన్ల ముద్దుపేర్లను (జామీ, వర్జీనియా లాంటివి) మాత్రం నా పలుకును బట్టి కొట్టకండి, మీ కంప్యూటర్‌లో కనిపించినదాన్నే కాపీ చేసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఈ పాఠం మొత్తం తలకిందులవుతుంది.

మన లెక్క గుర్తుందిగా: ఐదుగురు డెవలపర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న ఒక డెస్క్‌టాప్, దానిమీద లినక్స్ మింట్ 21.3. గిట్‌ల్యాబ్ ప్యాకేజీలు ఉబుంటుకి, డెబియన్‌కి, రెడ్‌హ్యాట్ కుటుంబానికి, ఇంకా కొన్నింటికి తయారవుతాయి. ఆ జాబితాలో మింట్ లేదు. అలాంటప్పుడు మింట్ తీసేసి ఉబుంటు సర్వర్ వేసుకోవచ్చు కదా అంటారా? వేసుకోగలిగితే వేసుకోండి, అదే ఉత్తమం, ఈ పాఠం మీకు అక్కర్లేదు. కానీ చాలామందికి ఉన్నది ఒక్కటే మెషీన్. దానిమీద ఎవరో రోజూ పని చేసుకుంటుంటారు, ఫార్మాట్ కొట్టే వీలుండదు. ఈ పాఠం వాళ్ల కోసం.

పేరు వేరా, ఒళ్లు వేరా

ఒక సిస్టమ్‌కి సపోర్ట్ లేదన్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇన్‌స్టాలర్‌కి తెలియనిది ఆ సిస్టమ్ పేరా, లేక దాని ఒళ్లే వేరా? పేరు మాత్రమే తేడా అయితే సరిచేయవచ్చు. ఒళ్లే వేరైతే పేరు మార్చి మభ్యపెట్టడం వల్ల లాభం లేదు, ఆ తర్వాత ఇంకా పెద్ద చోట ఆగుతాం.

మింట్‌ది పేరు తేడా. మింట్ 21 వరస అంతా ఉబుంటు 22.04 మీద కట్టారు. కెర్నల్ (సిస్టమ్ గుండె లాంటి భాగం), సీ లైబ్రరీ, ప్యాకేజీల పద్ధతి అన్నీ అక్కడివే. పైన డెస్క్‌టాప్, కొన్ని సొంత పనిముట్లు మింట్ వాళ్లవి. విండోస్‌ది పూర్తిగా వేరే ఒళ్లు. గిట్‌ల్యాబ్ సర్వర్ లినక్స్ కోసమే రాసింది, విండోస్ మీద నేరుగా నడవదు. అక్కడ వర్చువల్ మెషీన్‌లో ఉబుంటు వేసి, దాని లోపల గిట్‌ల్యాబ్ పెట్టడమే దారి. ఈ రెండింటి మధ్యలో మూడో రకం ఉంది: కాలం చెల్లిన పాత ఉబుంటు, దానిమీద కట్టిన పాత మింట్. పేరు దగ్గరిదే, ఒళ్లు మాత్రం పాతది. మనుషులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

గిట్‌ల్యాబ్ తన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌ని, రెడిస్‌ని, ఎన్‌జిన్‌ఎక్స్‌ని, రూబీని, అన్నింటినీ ఒకే ప్యాకేజీలో మూటగట్టి తెస్తుంది. అందుకే డౌన్‌లోడ్ దాదాపు ఒక జీబీ ఉంటుంది. ఇంత తెచ్చుకున్నా ముఖ్యంగా రెండింటికి మన సిస్టమ్ మీదే ఆధారపడుతుంది: కెర్నల్, ఇంకా ఇందాకటి సీ లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ. లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఈ లైబ్రరీ భుజం మీద నిలబడేదే. ఉబుంటు 20.04లో దాని వెర్షన్ 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద చాలాసార్లు నడవదు.

ఈ తేడా నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఒక చిన్న ఆఫీసులో మింట్ 20.3 ఉన్న మెషీన్ మీద ఇదే పని చేస్తున్నాను. అది ఉబుంటు 20.04 మీద కట్టిన మింట్. నేను అలవాటులో ఇన్‌స్టాల్ స్క్రిప్టుకి 22.04 ముద్దుపేరు ఇచ్చేశాను. డౌన్‌లోడ్ సాఫీగా అయింది, ఫైళ్లన్నీ డిస్క్ మీదికి దిగాయి, ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. తీరా కాన్ఫిగర్ చేసే దశలో ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అని ఎర్రర్. సెట్టింగుల్లో ఏదో తప్పుందనుకుని ఒక పూటంతా సెట్టింగుల ఫైలే తిప్పి తిప్పి చూశాను. అవతల టీమ్ అంతా ఎదురుచూస్తోంది, నాకు టెన్షన్. అసలు సంగతేమిటంటే, జీలిబ్‌సీ 2.34లో కొన్ని భాగాలను కలిపి ప్రోగ్రామ్ మొదలయ్యే చోటే మార్పు చేశారు. దాంతో ఆ వెర్షన్ లేదా దాని తర్వాతి వెర్షన్ మీద కట్టిన ఏ ప్రోగ్రామ్ అయినా 2.31 మీద మొదటి అడుగు కూడా వేయలేదు. ప్యాకేజీ దిగినంత మాత్రాన సరిపోయిందని అనుకోకూడదని ఆ రోజు అర్థమైంది.

అలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు కొత్త జీలిబ్‌సీని చేత్తో తెచ్చి పాత సిస్టమ్‌లో పెట్టే ప్రయత్నం దయచేసి చేయకండి. అది కదిలితే టెర్మినల్ కూడా తెరుచుకోకపోవచ్చు. ప్యాకేజీ తీసేసి, సరైన పేరుతో మళ్లీ మొదలుపెట్టండి.

మీ సిస్టమ్ అసలు పేరు కనుక్కోండి

టెర్మినల్ తెరిచి ‘క్యాట్’ కమాండ్‌తో ఈటీసీ ఫోల్డర్‌లోని ‘ఓఎస్ హైఫన్ రిలీజ్’ ఫైలు చూడండి. అందులో మూడు వరసలు మనకు కావాలి. ఐడీ అన్నచోట ‘లినక్స్‌మింట్’ అని, వెర్షన్ కోడ్‌నేమ్ అన్నచోట ‘వర్జీనియా’ అని ఉంటాయి. కిందుగా ఉబుంటు కోడ్‌నేమ్ అనే ఇంకో వరస కనిపిస్తుంది. అక్కడ ‘జామీ’ అని ఉంటుంది. ఇన్‌స్టాల్ స్క్రిప్టుకి దొరికేది మొదటి రెండు, మనకు కావాల్సింది మూడోది. దాన్ని కాపీ చేసి పక్కన పెట్టుకోండి.

మింట్ 22 వరస వాడేవాళ్లకి అక్కడ ‘నోబుల్’ అని కనిపిస్తుంది. ఉబుంటు కోడ్‌నేమ్ వరసే లేకుండా డెబియన్ కోడ్‌నేమ్ ఉంటే మీది డెబియన్ మీద కట్టిన మింట్ అన్నమాట. అప్పుడు ఉబుంటు ప్యాకేజీ జోలికి వెళ్లకండి, డెబియన్ పేరే ఇవ్వండి.

తర్వాత ‘ఎల్‌డీడీ’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి ‘వెర్షన్’ అనండి. మొదటి వరస చివర జీలిబ్‌సీ సంఖ్య వస్తుంది. జామీకి 2.35 రావాలి. పేరూ సంఖ్యా రెండూ కుదిరితేనే ముందుకు వెళ్లండి.

స్క్రిప్టుకి పేరు మనమే చెప్పడం

గిట్‌ల్యాబ్ సైట్‌లో ఇన్‌స్టాల్ పేజీ తెరిచి ఉబుంటు ఎంచుకోండి. ప్యాకేజీల చిరునామాను మన సిస్టమ్‌లో చేర్చే స్క్రిప్టు అక్కడ ఇస్తారు. పేజీలో చూపినట్టు డౌన్‌లోడ్‌ని నేరుగా బ్యాష్‌కి (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) పంపకండి. స్క్రిప్టుని ఫైలుగా దించుకుని, ఒకసారి చదివి, అప్పుడు నడపండి. అడ్మిన్ హక్కులతో నడిచే దేన్నైనా ముందు చూడటం మంచి అలవాటు.

స్క్రిప్టు తనంతట తాను వెతుక్కుంటే లినక్స్‌మింట్, వర్జీనియా అనుకుంటుంది. అప్పుడు చిరునామా దొరకలేదని ఆగిపోతుంది, లేదా లేని చిరునామాని రాసిపెట్టి వెళ్తుంది. అందుకే దానికి రెండు విలువలు మనమే ఇస్తాం: ‘ఓఎస్’ సమానం ఉబుంటు, ‘డిస్ట్’ సమానం జామీ. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు.

ఈ రెండు విలువలను, అడ్మిన్ హక్కులు ఇచ్చే సుడోకి ముందు పెడితే పని చేయవు. సుడో తన వెనక వచ్చే కమాండ్‌ని నడిపే ముందు, మనం పెట్టిన ఇలాంటి విలువలను భద్రత కోసం చాలావరకు తుడిచేస్తుంది. స్క్రిప్టుకి అవి అందవు, మళ్లీ వర్జీనియా అనే అంటుంది. చాలామంది ఇక్కడే ‘నేను చెప్పినా వినట్లేదు’ అని వదిలేస్తారు. వరస ఇలా ఉండాలి: ముందు సుడో, తర్వాత ఓఎస్ విలువ, తర్వాత డిస్ట్ విలువ, తర్వాత బ్యాష్, చివర స్క్రిప్టు ఫైలు పేరు.

అయ్యాక నమ్మి వదిలేయకుండా చూసుకోండి. ఈటీసీ ఫోల్డర్‌లో యాప్ట్, అందులో ‘సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ’ తెరిస్తే గిట్‌ల్యాబ్ పేరుతో ఒక ఫైలు ఉంటుంది. దాని వరసలో ఉబుంటు, జామీ కనిపించాలి. మింట్ అనో వర్జీనియా అనో ఉంటే అడ్మిన్ హక్కులతో తెరిచి మార్చేయండి. ఆ తర్వాత ‘సుడో యాప్ట్ అప్‌డేట్’. ‘రిలీజ్ ఫైల్ లేదు’ అన్న ఎర్రర్ వస్తే పేరు ఇంకా తప్పుగానే ఉందని అర్థం.

ఇన్‌స్టాల్, తొలి కాన్ఫిగర్

‘సుడో యాప్ట్ ఇన్‌స్టాల్’ తర్వాత ప్యాకేజీ పేరు. పూర్తి ఓపెన్ సోర్స్ కావాలంటే చివర సీఈ (కమ్యూనిటీ ఎడిషన్) ఉన్నది తీసుకోండి, అప్పుడు పైన దించుకున్న స్క్రిప్టు కూడా సీఈదే అయి ఉండాలి. డౌన్‌లోడ్ పెద్దది, మొబైల్ డేటా మీద పెట్టకండి.

దిగాక ఈటీసీలో గిట్‌ల్యాబ్ ఫోల్డర్, అందులో ‘గిట్‌ల్యాబ్ డాట్ ఆర్‌బీ’ అనే సెట్టింగుల ఫైలు తెరవండి. ‘ఎక్స్‌టర్నల్ యూఆర్ఎల్’ దగ్గర రౌటర్‌లో కట్టేసిన ఐపీ అడ్రస్‌ని, ముందు హెచ్‌టీటీపీతో ఇవ్వండి. ఆఫీసు లోపల వాడటానికి ఇప్పటికి ఇది చాలు. అదే మెషీన్ మీద అపాచీ నడుస్తుంటే 80 పోర్టు దగ్గర రెండూ కొట్టుకుంటాయి. అడ్రస్ చివర 8090 లాంటి వేరే పోర్టు ఇచ్చేయండి. 8080 మాత్రం వద్దు, దాన్ని గిట్‌ల్యాబ్ తన లోపలి పనికి వాడుకుంటుంది.

8 జీబీలో డెస్క్‌టాప్, బ్రౌజర్ కూడా నడవాలి కాబట్టి గిట్‌ల్యాబ్‌ని కొంచెం తగ్గిద్దాం. అదే ఫైలులో పూమా (వెబ్ పేజీలు అందించే భాగం) వర్కర్ ప్రాసెస్‌లు 0 చేయండి. 0 అంటే ఆపేయడం కాదు, ఒకే ప్రాసెస్‌లో నడవమని చెప్పడం. సైడ్‌కిక్ (తెర వెనక పనులు చేసే భాగం) కంకరెన్సీ, అంటే ఒకేసారి చేసే పనుల సంఖ్య, 10కి దించండి. పనితీరు కొలిచే ప్రొమీథియస్ మానిటరింగ్‌ని ‘ఫాల్స్’ చేయండి. ఐదుగురి టీమ్‌కి ఈ మార్పుల వల్ల ఏ లోటూ తెలియదు.

సేవ్ చేసి ‘సుడో గిట్‌ల్యాబ్ హైఫన్ సీటీఎల్ రీకాన్ఫిగర్’ కొట్టండి. కొన్ని నిమిషాలు వరసలు పరుగెడతాయి. ముగిశాక అదే కమాండ్ చివర రీకాన్ఫిగర్ బదులు ‘స్టేటస్’ పెట్టి చూడండి, ప్రతి వరసా ‘రన్’ అని మొదలవ్వాలి. బ్రౌజర్‌లో మొదటి రెండు మూడు నిమిషాలు 502 అనే ఎర్రర్ కనిపిస్తే కంగారు పడకండి, లోపల పూమా ఇంకా లేస్తోంది. పది నిమిషాలైనా అలాగే ఉంటే అప్పుడు ‘టెయిల్’ పెట్టి లాగ్ చూడండి.

లాగిన్ పేరు రూట్. పాస్‌వర్డ్ అదే గిట్‌ల్యాబ్ ఫోల్డర్‌లో ‘ఇనిషియల్ రూట్ పాస్‌వర్డ్’ అనే ఫైలులో ఉంటుంది. 24 గంటల తర్వాత చేసే తొలి రీకాన్ఫిగర్‌తో ఆ ఫైలు పోతుంది, కాబట్టి ఈ రోజే లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చేయండి. కొత్తవాళ్లు తమంతట తాము ఖాతా తెరుచుకునే సైనప్‌ని కూడా ఇప్పుడే ఆపేయండి.

డెస్క్‌టాప్ మీద సర్వర్ కాబట్టి

మింట్ డెస్క్‌టాప్ కాసేపు కదలిక లేకపోతే నిద్రపోయేలా ఉండవచ్చు. పవర్ సెట్టింగుల్లో సస్పెండ్‌ని ‘నెవర్’ చేయండి. లేకపోతే మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఎవరి పుష్ (సర్వర్‌కి కోడ్ పంపడం) కూడా వెళ్లదు.

రెండోది అప్‌డేట్ మేనేజర్. గిట్‌ల్యాబ్ ప్రతి నెలా కొత్త వెర్షన్ తెస్తుంది, అది మిగతా అప్‌డేట్లతో కలిసి జాబితాలో కనిపిస్తుంది. మెషీన్ మీద కూర్చునేవాళ్లు అన్నీ టిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కేస్తారు. గిట్‌ల్యాబ్‌ని మాత్రం అలా దూకించకూడదు, కొన్ని వెర్షన్ల దగ్గర తప్పనిసరిగా ఆగి వెళ్లాలి. 17.5 నుంచి ప్రతి పెద్ద వెర్షన్‌లోనూ చుక్క తర్వాత 2, 5, 8, 11 వచ్చేవే ఆ మజిలీలు. కాబట్టి ‘సుడో యాప్ట్ హైఫన్ మార్క్ హోల్డ్’ అని ప్యాకేజీ పేరు ఇచ్చి పట్టి ఉంచండి. అలాగని మరిచిపోకండి, సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చినప్పుడు మీరే విడిచి, బ్యాకప్ తీసి, అప్‌డేట్ చేయాలి.

మూడోది టైమ్‌షిఫ్ట్. ఇందాక తీసిన స్నాప్‌షాట్ ఈ రోజు వరకే మన రక్ష. టీమ్ కోడ్ పంపడం మొదలయ్యాక దాన్ని రీస్టోర్ చేస్తే ఘోరం జరుగుతుంది. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్ ఫోల్డర్‌ని వదిలేసి మిగతా సిస్టమ్‌ని వెనక్కి తిప్పుతుంది. గిట్‌ల్యాబ్ కోడ్, డేటాబేస్ ఉండేది హోమ్‌లో కాదు, వార్ ఫోల్డర్‌లోని ఆప్ట్‌లో. అంటే ఎవరో డిస్‌ప్లే డ్రైవర్ చెడిందని పాత స్నాప్‌షాట్‌కి వెళ్తే, ఆ తర్వాత టీమ్ పంపిన కోడంతా సర్వర్ నుంచి మాయమవుతుంది. పోనీ ఆ ఫోల్డర్‌ని టైమ్‌షిఫ్ట్ ఫిల్టర్‌లో మినహాయిద్దామా అంటే, ప్రోగ్రామ్ పాత వెర్షన్‌కి వెళ్లి డేటాబేస్ కొత్తదిగా మిగిలిపోవచ్చు. అప్పుడూ సర్వర్ లేవదు. గిట్‌ల్యాబ్‌కి దాని సొంత బ్యాకప్ ఒక్కటే బ్యాకప్. ఈ మాట ఒక కాగితం మీద రాసి ఆ మానిటర్‌కి అంటించండి.

వచ్చే పాఠం ఆ బ్యాకప్ గురించే: ఏది ఆ ఫైలులో చేరుతుంది, సీక్రెట్స్ ఫైలు ఎందుకు చేరదు, సరిగ్గా అదే వెర్షన్ మీదే ఎందుకు రీస్టోర్ చేయాలి. ఈలోగా మీ పని: ఒక ఖాళీ ప్రాజెక్టు తెరిచి, వేరే ల్యాప్‌టాప్ నుంచి ఒక ఫైలు పుష్ చేయండి. తర్వాత సర్వర్ మెషీన్‌ని రీస్టార్ట్ చేసి, ఏదీ ముట్టుకోకుండా పది నిమిషాలు ఆగి, ఆ ఫైలు బ్రౌజర్‌లో కనిపిస్తోందో లేదో చూడండి. వాడుతున్న గిట్‌ల్యాబ్ వెర్షన్ సంఖ్యని పూర్తిగా, చివరి అంకెతో సహా, నోటు పుస్తకంలో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో మొదట అడిగేది అదే.