ఫోన్లో వీడియో టీవీలో చూడాలంటే

జగదాంబ సెంటర్‌కి వెళ్లి టైప్-సి టు హెచ్‌డీఎంఐ కేబుల్ కొనేద్దామనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఛార్జింగ్ పోర్టు టైప్-సి అయినంత మాత్రాన అందులోంచి బొమ్మ బయటికి రాదు. ఫోన్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే ఆ పోర్టులోంచే వీడియోని బయటికి పంపే సదుపాయం, ఉండాలి. ఐఫోన్ 15లో ఉంది గానీ, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఉండదు. కొట్టువాడు మాత్రం 'అన్నింటికీ పనిచేస్తదండీ' అనే అంటాడు!

స్మార్ట్ టీవీ ఉంటే ముందు పైసా ఖర్చులేని దారి చూడండి. టీవీ, ఫోన్ రెండూ ఒకే వైఫైలో ఉంచి, యూట్యూబ్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కండి. వీడియోని టీవీయే నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది, ఫోన్ ఉత్త రిమోట్. మధ్యలో ఫోనొస్తే మాట్లాడుకోవచ్చు, బొమ్మ ఆగదు. స్క్రీన్ మిర్రరింగ్ అలాక్కాదు. ఫోన్ తెర మొత్తం, వచ్చే వాట్సాప్ మెసేజీలతో సహా, టీవీ మీదికెక్కుతుంది. ఇంటినిండా చుట్టాలుంటే ఆ సరదా వద్దు. పైగా కొన్ని ఓటీటీ యాప్‌లు మిర్రరింగ్‌లో నల్లతెరే చూపిస్తాయి.

క్యాస్ట్ గుర్తే రాలేదా? ఫోన్ మొబైల్ డేటా మీదో, రౌటర్ గెస్ట్ నెట్‌వర్క్ (ఇంటికొచ్చినవాళ్ల కోసం పెట్టే వేరే వైఫై) మీదో ఉందేమో చూడండి. టీవీ రౌటర్‌కి రెండు గోడల అవతల ఉండి వీడియో ఆగాగి వస్తుంటే, టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫై నుంచి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. వేగం తగ్గినా గోడలు దాటి బాగా అందుతుంది.