స్నేహితులకు హైదరాబాద్ చూపించే ముందు

డిసెంబర్ సెలవులకు స్నేహితులు దిగుతున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– రాత్రి పబ్బుకు సొంత బండి తీయకండి, క్యాబే మేలు. తాగి నడుపుతూ దొరికితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. అంతకన్నా ముఖ్యం, బండిలో ఉన్నవాళ్ల ప్రాణాలు.

– పాతబస్తీకి శుక్రవారం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆరోజు సెలవే. మక్కా మసీదు దగ్గర మధ్యాహ్నం నమాజు రద్దీ.

– నహారీ అనే మాంసం పులుసు తినిపించాలంటే పొద్దున్నే చార్మినార్ చేరాలి. ఆలస్యమైతే గిన్నెలు ఖాళీ. వేడి కుల్చా తుంచి, నూనె తేలే ఆ పులుసులో ముంచుకు తినకపోతే హైదరాబాద్ సగమే చూసినట్టు, నా మటుకు.

– లాడ్‌బజార్‌లో గాజులకు బేరం తప్పనిసరి. మొదట చెప్పేది అసలు ధర కాదు.

– గుర్తింపు కార్డులు జేబులో ఉండాలి. 21 నిండనివాళ్లకు మందు పోయరు.